సముద్రంలో ఉడుంపట్టు

(డర్బన్‌లో ఉగాది ఉత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



పండుగనాడు హరికథో, కోలాటమో, పద్యపఠనమో ఉండవలసిన చోట సముద్రపు గుల్లల మీద ప్రసంగమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఈ ప్రసంగం ఆదివారపు తెలుగు తరగతులు నడిపే మేమందరం కలిసి తయారుచేసినది. చదివే గొంతు ఒకరిదే అయినా మాట అందరిదీ. మా ఉద్దేశం మొదటే మనవి చేసుకుంటాము. ఈ దేశంలో మన తెలుగు పెళ్ళిపాటల్లో, భజనల్లో, అమ్మమ్మల దీవెనల్లో నిలిచింది. అది మన అదృష్టమే. కాని పిల్లవాడు సముద్రపు ఒడ్డున నిలబడి "ఈ గుల్ల రాతికి ఎలా అంటుకుంది తాతా?" అని అడిగితే, జవాబు ఇంగ్లీషులోనే చెబుతున్నాము. దేవుడికి దండం పెట్టడానికి పనికివచ్చిన భాష, లోకాన్ని అర్థం చేసుకోవడానికి పనికిరాకుండా పోతుందా? ఆ ప్రశ్నకే ఇవాళ తెలుగులో జవాబు చెప్పాలని మా ప్రయత్నం.

పైగా ఈ విషయం మనకు దూరపుది కాదు. ఉమ్‌లాంగా దగ్గరా, ఇసిపింగో దగ్గరా, దక్షిణ తీరం పొడుగునా ఆటు వచ్చి నీరు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళన్నీ గోధుమరంగు గుల్లలతో కప్పబడి కనిపిస్తాయి. ఇంగ్లీషులో మస్సెల్ అంటారు. ఆంధ్ర తీరంలో ఆలిచిప్పలంటారు. వాటిని ఏరి కూర వండుకోని కుటుంబాలు మనలో తక్కువే. రాతినుంచి ఊడబీకేటప్పుడు చేతులు నొప్పి పుట్టిన సంగతి అందరికీ తెలుసు. ఆ పట్టు ఎక్కడినుంచి వచ్చిందన్నదే ఇవాళ్టి కథ.

ఉడుము పట్టు, జిగురు పట్టు

గట్టి పట్టుకు తెలుగువారు చెప్పే ఉపమానం ఉడుము. ఉడుము నడుముకు తాడు కట్టి కోటగోడ ఎక్కించేవారని కథలు చెప్పుకుంటాము. కాని ఉడుముది గోళ్ళ పట్టు, కండల పట్టు. అలసిపోతే వదలక తప్పదు. సముద్రపు రాళ్ళమీది ప్రాణులది అటువంటి పట్టు కాదు. వాటిలో కొన్ని చచ్చిపోయి, లోపలి మాంసం కరిగిపోయిన తర్వాత కూడా గుల్ల రాతిని వదలదు. అది కండబలం కాదు, జిగురు బలం. ఆ జిగురును అవి నీటిలోనే తయారుచేసి, నీటిలోనే పూసి, నీటిలోనే ఆరబెట్టుకుంటాయి.

ఇది ఎంత కష్టమైన పనో మన ఇంటి అనుభవంతోనే తెలుసుకోవచ్చు. మైదాపిండి ఉడకబెట్టి చేసిన జిగురుతో గాలిపటం అంటించి వానలో పెట్టండి, విడిపోతుంది. తుమ్మబంక నీళ్ళలో కరిగిపోతుంది. కవరు మీది తపాలాబిళ్ళను గిన్నెడు నీళ్ళలో వేస్తే కాసేపటికి తేలి వస్తుంది. తెగిన వేలు తడిగా ఉంటే ప్లాస్టరు నిలవదు. కారణం తేలికే. ఏ జిగురైనా వస్తువును తాకితేనే కదా పట్టుకునేది! నీటిలో ఉన్న రాతిని నీరు ముందే పట్టుకుని కూర్చుంటుంది. సముద్రపు నీరైతే దానితోపాటు ఉప్పులోని కణాలు కూడా రాతిమీద ఒక పొరగా అతుక్కుని ఉంటాయి. జిగురు వెళ్ళేసరికి కుర్చీ ఖాళీగా లేదన్నమాట.

అదొక్కటే చిక్కు కాదు. జిగురు మరీ పలచగా ఉంటే అల వచ్చి కడిగేస్తుంది. మరీ చిక్కగా ఉంటే రాతి గుంటల్లోకి పరుచుకోదు. పరుచుకున్న తర్వాత గట్టిపడాలి, కాని పూయకముందే గట్టిపడకూడదు. ఇలా మూడు పనులున్నాయి. మొదట నీటిని తొలగించాలి, తరువాత తాకి పరుచుకోవాలి, ఆ తరువాత గట్టిపడాలి. ఈ మూడూ ఈ వరుసలోనే జరగాలి. మేము చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే: పట్టు అంటే బలం ఒక్కటే కాదు, పట్టుకోబోయే చోటును ముందు సిద్ధం చేసుకోవడం. సముద్రంలోని ఒక్కొక్క ప్రాణీ ఈ పనిని ఒక్కొక్క తీరుగా చేస్తుంది.

ఆలిచిప్ప పోగులు

ఆలిచిప్ప గుల్ల రాతికి నేరుగా అంటుకోదు. రెండు చిప్పల మధ్యనుంచి పోగుల కుచ్చు ఒకటి బయటికి వస్తుంది. వంటకు ముందు మన ఆడవాళ్ళు గడ్డం లాగినట్టు లాగి పారేసేది దానినే. ప్రతి పోగు చివరా చిన్న బిళ్ళ ఉంటుంది. రాతిని పట్టుకునేది ఆ బిళ్ళే.

పోగు నేసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ఆలిచిప్పకు నాలుకలాంటి పాదం ఒకటి ఉంది. దానిని బయటికి చాపి రాతిని తడుముతుంది. తగిన చోటు దొరికితే పాదం కొనను రాతికి గట్టిగా అదిమి, నడిమి భాగాన్ని కొంచెం పైకి ఎత్తుతుంది. లోపల చిన్న గూడు ఏర్పడి నీరు తొలగుతుంది. ఆ గూడులోకి జిగురు రసాలు దిగుతాయి. పాదం వెంట పొడుగునా ఉన్న గాడిలో పోగు పోతపోసినట్టు తయారవుతుంది. కొన్ని నిమిషాలలో పని ముగించి పాదం లోపలికి ముడుచుకుంటుంది. తరువాత మరొక చోట మరొక పోగు. ఇలా పదుల కొద్దీ పోగులతో, గుడారానికి తాళ్ళు కట్టినట్టు, నలుమూలలా తనను తాను కట్టుకుంటుంది.

ఆ జిగురులో ఏముంది? 1981లో అమెరికా శాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ వెయిట్, తన సహచరుడు టాన్జర్‌తో కలిసి, అందులోని మాంసకృత్తులలో డోపా అనే పదార్థం ఉందని ప్రకటించాడు. తరువాతి పరిశోధనలన్నిటికీ అదే పునాది అయింది. రాతికి అతుక్కోవడంలో డోపా మహా సమర్థురాలు.

ఈ డోపా పేరు మనవాళ్ళకు కొత్తది కాకూడదు. తెలుగునాట చేలగట్లమీద దూలగొండి అనే తీగ ఉంటుంది. దాని కాయ నూగు ఒంటికి తగిలితే దురద భరించలేము. ఆ దూలగొండి గింజల్లో ఉన్నది ఈ డోపాయే. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు ఆ గింజలనుంచి దానిని వేరుచేసి చూపించారు. చేతులు వణికే పార్కిన్సన్ జబ్బుకు వైద్యులు ఇచ్చే లెవోడోపా కూడా ఇదే. చేనిగట్టు తీగలో ఉన్నది, మందుబిళ్ళలో ఉన్నది, డర్బన్ రాతిమీద గుల్లను నిలబెట్టేది ఒకే పదార్థమంటే ప్రకృతి పొదుపరితనం ఎంతటిదో చూడండి.

డోపాకు ఒక బలహీనత ఉంది. గాలిలోని ప్రాణవాయువు తగిలితే అది మారిపోయి అంటుకునే గుణం పోగొట్టుకుంటుంది. వంట చేసేవారికి ఇది కొత్త సంగతి కాదు. కోసిన వంకాయ ముక్కలు గాలికి నల్లబడతాయి, అందుకని పులుపు కలిపిన నీళ్ళలో వేసి ఉంచుతాము. ఆలిచిప్ప చేసేదీ సరిగ్గా అదే! పాదం కింది గూడులోకి అది దించే రసం పుల్లనిది. బయటి సముద్రపు నీరు కొంచెం క్షారగుణం కలది. ఆ పులుపులో డోపా చెడకుండా రాతిని పట్టుకుంటుంది. గంధకం ఉన్న మరొక మాంసకృత్తు పక్కనే ఉండి దానికి కాపలా కాస్తుంది. పాదం ఎత్తిన తర్వాత సముద్రపు నీరు తగిలి, లోపలి జిగురు మారి, ముడులు పడి గట్టిపడుతుంది. వంకాయను చెడగొట్టే మార్పే ఇక్కడ జిగురును బిగించే మార్పు అయింది. పని ఒకటే. ఎప్పుడు జరగాలో తెలియడంలోనే నేర్పు ఉంది.

మరి రాతిమీద ముందే కూర్చున్న ఉప్పు కణాల మాటేమిటి? 2015లో దీనికి జవాబు దొరికింది. డోపా పక్కనే లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఉంటుంది. లైసిన్ ముందు వెళ్ళి ఉప్పు కణాలను చోటునుంచి తొలగిస్తుంది. ఖాళీ అయిన చోట డోపా కూర్చుంటుంది. ఒకరు చోటు చేస్తే ఒకరు నిలబడతారు. ఒక్కదానివల్ల ఆ పని అంత బాగా కాదు.

పోగు కూడా సామాన్యమైనది కాదు. గుల్ల వైపు సాగే గుణంతోనూ, రాతి వైపు బిరుసుగానూ ఉంటుంది. అల కొట్టినప్పుడు ముందు సాగి, ఆ దెబ్బను మింగుతుంది. పోగు పైతోలులో డోపా ఇనుముతో చేయి కలుపుతుంది. ఆ ముడులు గట్టిగా లాగితే విడిపోతాయి, వదిలితే మళ్ళీ కలుసుకుంటాయి. అందుకే తోలు గట్టిగా ఉండి కూడా పెళుసుగా విరగదు.

తెలుగులో పట్టు అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి పట్టుకోవడం, రెండవది పట్టుచీరలోని పట్టు. ఆలిచిప్ప కుటుంబానికి దూరపు చుట్టమొకటి ఈ రెండర్థాలనూ నిజం చేసింది. మధ్యధరా సముద్రంలోని పిన్నా అనే పెద్ద గుల్ల పోగులతో ఇటలీలో, ముఖ్యంగా సార్డీనియా, టరాంటో ప్రాంతాలలో, పూర్వం బంగారు వన్నె బట్ట నేసేవారు. దానికి సముద్రపు పట్టు అని పేరు. ఆ గుల్ల తరిగిపోవడంతో 1992లో ఐరోపా చట్టం దానికి రక్షణ కల్పించింది. అయినా 2016లో స్పెయిన్ తీరంలో మొదలైన ఒక రోగంవల్ల అవి గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి.

సున్నంతో కట్టిన ఇల్లు

ఆయిస్టర్ పద్ధతి వేరు. దానికి పోగులు లేవు. చిప్పనే నేరుగా రాతికో, తోటి ఆయిస్టర్‌కో అతికించుకుంటుంది. అమెరికాలో జోనథన్ విల్కర్ బృందం 2010లో పరీక్షించి చూస్తే, ఆ అతుకులో చాలా భాగం చిప్పలో ఉండే సున్నపు పదార్థమే అనీ, దానిలో కొద్దిగా మాంసకృత్తు కలిసి ఉందనీ తేలింది. మన పూర్వులు గుల్లలను కాల్చి సున్నం చేసి ఇళ్ళు కట్టుకున్నారు. ఆయిస్టర్ కాల్చకుండానే సున్నంతో కట్టుకుంటున్నది. ఒకదానిమీద ఒకటి అతుక్కుంటూ పోయి చివరకు సముద్రంలో గోడలే లేస్తాయి.

ఇసుక పురుగుల పని ఇంకా ముచ్చటైనది. ఇసుక రేణువులను ఏరి, ఒక్కొక్కదానికీ చుక్క జిగురు పెట్టి, తాపీపనివాడు ఇటుక పేర్చినట్టు గొట్టపు ఇల్లు కట్టుకుంటాయి. మన దక్షిణాఫ్రికా రాళ్ళమీద ఈ జాతి పురుగుల పుట్టలు ఉన్నాయి. వీటి దగ్గరి చుట్టమైన కాలిఫోర్నియా పురుగును యూటా విశ్వవిద్యాలయంలో రస్సెల్ స్టీవర్ట్ చాలాకాలం పరిశీలించాడు. దాని జిగురులో ధన విద్యుత్తు గల మాంసకృత్తులు, ఋణ విద్యుత్తు గల మాంసకృత్తులు కలిసి, నీటిలో కరగని చిక్కటి ద్రవమవుతాయి. అర నిమిషంలో రేణువు కదలకుండా నిలుస్తుంది, కొన్ని గంటల్లో జిగురు తోలులా బిగుస్తుంది.

ఒక్కసారే ఎంచుకునే ప్రాణి

ఇప్పుడు బార్నకిల్ సంగతి. రాళ్ళమీద, రేవు స్తంభాలమీద, ఓడల అడుగున చిన్న చిన్న తెల్లటి కొండశిఖరాల్లా, నడినెత్తిన రంధ్రంతో ఉండేవి ఇవే. వీటిని చూసి చాలాకాలం నత్తల జాతి అనుకున్నారు. 1830లో వాన్ థాంప్సన్ అనే ఆయన వీటి పిల్లలను పరిశీలించి, ఇవి రొయ్యలకూ పీతలకూ చుట్టాలని చూపించాడు. పరిణామ సిద్ధాంతంతో పేరుకెక్కిన చార్లెస్ డార్విన్ 1846 నుంచి 1854 వరకు ఎనిమిదేళ్ళు వీటి అధ్యయనంలోనే గడిపాడు.

బార్నకిల్ పిల్ల మొదట నీటిలో ఈదుతూ తిరుగుతుంది. చివరి దశలో దానికి తిండి ఉండదు. ఒంట్లో దాచుకున్న శక్తి తరిగేలోగా చోటు వెతుక్కోవాలి. రెండు మీసాలతో రాతిమీద అడుగులు వేస్తూ నడుస్తుంది, తడుముతుంది, వదలి మరోచోటికి పోతుంది. అడుగు వేసిన చోటల్లా కొంచెం మాంసకృత్తు ముద్ర మిగులుతుంది. తన జాతి పెద్దవి స్థిరపడిన చోటంటే దానికి మక్కువ. ముందు నడిచినవాటి అడుగుజాడలు కూడా దానిని ఆకర్షిస్తాయి. చోటు నచ్చితే తలను ఆనించి సిమెంటు వదులుతుంది. ఆ తరువాత మళ్ళీ కదలడమంటూ లేదు. చుట్టూ గోడ కట్టుకుని, బతికినంతకాలం తలకిందులుగా ఉండి, కాళ్ళతో నీటిని దువ్వి ఆహారం నోటికి అందించుకుంటుంది.

ఆ సిమెంటు రహస్యం 2014లో కొంత బయటపడింది. బార్నకిల్ పిల్ల ఒక రసం కాదు, రెండు వదులుతుంది. ముందు నూనెలాంటి కొవ్వు బొట్టు వచ్చి నీటిని పక్కకు నెడుతుంది. దాని చాటున మాంసకృత్తు వచ్చి రాతిని పట్టుకుంటుంది. నూనె, నీరు కలవవని మనకు తెలుసు. పోపులో నీటిచుక్క పడితే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాము. ఆ చిన్న ప్రాణి ఆ వైరాన్నే పనిముట్టు చేసుకుంది.

ఈ బార్నకిల్‌తో మన చరిత్రకు కూడా సంబంధం ఉంది. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసునుంచి మనవాళ్ళలో మొదటివారిని తీసుకుని ఈ డర్బన్ రేవు చేరింది. 1860 నుంచి 1911 దాకా లక్షన్నరకు పైగా మనుషులు అలాగే వచ్చారు. పైన మనుషులు ప్రయాణం చేస్తుంటే, ఓడల అడుగున టికెట్టు లేని ప్రయాణికులు ఇవి! అవి పట్టిన ఓడ బరువెక్కుతుంది, నీటిలో జారదు, వేగం తగ్గుతుంది. అందుకనే ఆ కాలంలో దూరప్రయాణం చేసే చెక్క ఓడలకు అడుగున రాగిరేకులు తొడిగేవారు. రాగి విషం వీటికి పడదు.

ఈ పరిశోధనలో తెలుగుగడ్డకూ చోటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య పి. ఎన్. గణపతి గారూ, వారి సహచరులూ విశాఖపట్నం ఓడరేవులో ఓడలకూ కొయ్యలకూ పట్టే జీవులను పరిశీలించి 1958లో ప్రకటించారు. అక్కడి రాళ్ళమీద ఉండేది పచ్చ అంచు ఆలిచిప్ప. మన డర్బన్ గోధుమ ఆలిచిప్ప కన్యాకుమారి, కేరళ దక్షిణ తీరాలలో కూడా ఉంది.

రాగి తరువాత తగరంతో చేసిన ట్రైబ్యుటైల్ టిన్ అనే విషాన్ని ఓడల రంగులో కలిపారు. బార్నకిళ్ళు పట్టలేదు, నిజమే. కాని విషం నీటిలోకి దిగి, ఆడ నత్తలకు మగ లక్షణాలు వచ్చి గుడ్లు పెట్టలేకపోయాయి. ఫ్రాన్సులో ఆర్కషాన్ దగ్గర ఆయిస్టర్ల చిప్పలు వికారంగా మందమై పెంపకందార్లు నష్టపోయారు. 1982లో ఆ దేశం చిన్న పడవలకు దానిని నిషేధించింది. 2001లో చేసిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమలులోకి వచ్చి, ఓడలన్నిటికీ నిషేధమైంది. విషం పెట్టి చంపడానికి బదులు, తామరాకుమీద నీటిబొట్టులా ఏదీ నిలవకుండా జారిపోయే పూతలు చేయడం మరొక మార్గం. సిలికోన్ పూతలు అటువంటివే. పట్టు ఎలా కుదురుతుందో తెలిసినవాడికే పట్టు ఎలా తప్పించాలో తెలుస్తుంది.

పట్టు తెలిసి, విడుపు తెలిసి

పట్టువిడుపులు రెండూ ఉండాలని పెద్దలంటారు. సముద్రంలో ఆ నీతి నక్షత్రచేపకు తెలుసు. పేరుకు చేపేగాని అది చేప కాదు. దాని చేతుల కింద చిన్న గొట్టపు పాదాలు వరుసలుగా ఉంటాయి. అవి రబ్బరు మూతల్లా గాలి పీల్చి పట్టుకుంటాయని చాలాకాలం అనుకున్నారు. బెల్జియంలో పాట్రిక్ ఫ్లామాంగ్ మొదలైనవారి పరిశోధనలవల్ల అక్కడ ముఖ్యంగా పనిచేసేది జిగురేనని తెలిసింది. పాదం కొనలో రెండు రకాల గ్రంథులున్నాయి. ఒకటి అంటించే రసాన్ని వదులుతుంది, రెండవది విడిపించే రసాన్ని. అందువల్ల అది ఒక అడుగు అంటించి, ఒక అడుగు విడిపించి నడుస్తుంది. నడిచిన చోట జిగురు ముద్రలు మిగిలిపోతాయి. అదే జిగురుతో ఆలిచిప్పను రెండు వైపులా పట్టి తెరచి తినేస్తుంది కూడా.

మనుషులు నేర్చుకున్నది

ఇదంతా తెలుసుకుంటే ఏమి లాభమని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. లాభాలు ఉన్నాయి. ప్లైవుడ్ జిగురులో వాడే ఫార్మాల్డిహైడ్ ఆరోగ్యానికి మంచిది కాదు. ఆరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో కైచాంగ్ లీ ఆలిచిప్ప పోగులను చూసి, సోయా పిండినుంచి దానికి బదులు జిగురు చేశాడు. అమెరికాలో దానితో ప్లైవుడ్ తయారై బజారుకు వచ్చింది. 2007లో మెసర్‌స్మిత్, హేషిన్ లీ మొదలైనవారు డోపాకు దగ్గరి పదార్థమైన డోపమీన్‌ను నీటిలో కరిగించి, అందులో ముంచితే దాదాపు ఏ వస్తువుకైనా పలచటి పూత పడుతుందని చూపించారు. 2021లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు బార్నకిల్ పద్ధతిలోనే నూనె కలిపిన జిగురు ముద్ద చేశారు. నూనె రక్తాన్ని పక్కకు నెడితే జిగురు గాయాన్ని మూస్తుంది. ఎలుకలలో, పందులలో రక్తస్రావం సెకన్లలో ఆగింది. రక్తం కూడా ఉప్పునీరే కదా! మన శరీరం లోపల అంతా తడే. తడిలో పట్టే జిగురు కోసం వైద్యులు రాళ్ళమీది గుల్లలవైపు చూడటంలో వింత లేదు.

మన తీరం, మన పూచీ

చివరగా మన ఇంటి సంగతి.

1979లో మధ్యధరా ప్రాంతపు ఆలిచిప్ప ఒకటి ఈ దేశపు పశ్చిమ తీరంలో, సాల్డాన్యా అఖాతంలో కనిపించింది. ఓడలవెంట వచ్చిందని భావిస్తారు. అక్కడినుంచి వ్యాపించి ఈస్ట్ లండన్ దాకా వచ్చింది. రెండు జాతులూ కలిసి ఉన్న దక్షిణ తీరంలో శాస్త్రజ్ఞులు గమనించినదేమంటే, మన గోధుమ ఆలిచిప్పకు పోగులు ఎక్కువ, లావు కూడా ఎక్కువ, రాతిమీద పట్టు గట్టిది. కొత్తగా వచ్చినది ఆ శక్తిని సంతానం పెంచుకోవడానికి వెచ్చిస్తుంది. అందుచేత అలల ఉరవడి ఎక్కువైన దిగువ రాళ్ళు మనదానివి, ఎగువ రాళ్ళు దానివి, నడుమ రెండూ కలిసి ఉంటాయి. మనదాన్ని చూసి మురిసిపోనక్కరలేదు. ఇదే గోధుమ ఆలిచిప్ప 1990లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో కనిపించినప్పుడు, అక్కడివారికి ఇదే కొత్తగా వచ్చినది!

పట్టు ఎంత గట్టిదైనా దానికి హద్దులున్నాయి. గాలిలో పెరుగుతున్న బొగ్గుపులుసు వాయువు సముద్రంలో కరిగి నీటి క్షారగుణాన్ని తగ్గిస్తున్నది. అమెరికా శాస్త్రజ్ఞులు 2013లో ప్రకటించిన పరిశోధనలో, అటువంటి నీటిలో ఒక జాతి ఆలిచిప్ప నేసిన పోగుల పట్టు 40 శాతం తగ్గింది. తగ్గింది ముఖ్యంగా రాతిని పట్టే బిళ్ళ దగ్గరే. జిగురు బిగియడానికి సముద్రపు నీటి గుణం కావాలని ఇందాక చెప్పుకున్నాము. ఆ గుణమే మారితే ఆలిచిప్ప ఏమి చేయగలదు?

అది ప్రపంచమంతా ఆలోచించవలసిన మాట. మన చేతిలో ఉన్నది ఇంకొకటుంది. ఆలిచిప్ప పిల్లలు ఉత్త రాతిమీద స్థిరపడటం కష్టం. సన్నటి నాచు కొమ్మల్లో, ముఖ్యంగా పెద్ద ఆలిచిప్పల పోగుల నడుమ అవి నిలదొక్కుకుంటాయి. అల కొట్టినా, ఎండ కాసినా ఆ పోగుల చాటున తడి ఉంటుంది, పట్టు ఉంటుంది. పారతో గెడ్డపారతో రాయి మొత్తం గీకి తీసుకుపోతే మనం తీసుకుపోయేది ఆ రోజు కూర మాత్రమే కాదు, రాబోయే పిల్లలు నిలబడే చోటు కూడా. అలా నున్నగా చేసిన రాతిమీద మళ్ళీ ఆలిచిప్పల పరుపు పెరగడానికి ఏళ్ళు పడుతుంది. పెద్దవి ఉంటేనే చిన్నవి నిలుస్తాయి.

కాబట్టి మా విన్నపాలు మూడు. ఏరుకోవడానికి పర్మిట్ తప్పక తీసుకోండి, అందులో చెప్పిన లెక్క దాటవద్దు. ఒకే చోట గుంపంతా పెకలించకుండా, పెద్దవాటిని అక్కడక్కడ ఒక్కొక్కటిగా ఏరండి. మూడవది, పిల్లలను వెంట తీసుకువెళ్ళండి. తీసుకువెళ్ళి ఆలిచిప్ప పాదాన్ని, పోగును, బిళ్ళను వేలితో చూపించి తెలుగులోనే పేర్లు చెప్పండి. మాట గుర్తుకు రాకపోతే ఇంగ్లీషు మాటనే తెలుగు వాక్యంలో వాడండి, తప్పులేదు. మేమూ ఈ ప్రసంగంలో అలాగే చేశాము. మస్సెల్, బార్నకిల్ వంటి మాటలు వచ్చినా వాక్యం తెలుగులోనే నిలిచింది.

భాష పుస్తకంలో దాచిపెడితే నిలవదు. పిల్లవాడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పినప్పుడు నిలుస్తుంది. మన ముందువాళ్ళు ఈ నేలమీద మనకు చోటు సిద్ధం చేసి వెళ్ళారు. మన వెనుకవాళ్ళకు మనం చేయవలసిన పని కూడా అదే.